గిద్దలూరు బస్సులో మంగోలియా గొంతు

గిద్దలూరులో బస్సెక్కి కొమరోలులో దిగేలోపు ఫోన్లో ఐదారు పాటలు అయిపోతాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్లలో ఎక్కువమంది వినేది సినిమా పాటలే, అందులో వింతేం లేదు. వింతల్లా ఎప్పుడో ఒకసారి ఆ వరసలోకి తోలుకోట్లు తొడుక్కున్న మంగోలియా మనుషులు వచ్చిపడటం. చేతిలో రెండే తీగలున్న వాయిద్యం, దాని కొసన చెక్కిన గుర్రం తల. పాడేవాడి నోరు పెద్దగా కదలదు. గొంతులోంచి మాత్రం బండ దొర్లినట్టు శబ్దం. ఆ శబ్దానికి వేలు పైకి జరపకుండా ఆగిపోయిన కుర్రాడి గురించే ఈ నాలుగు మాటలు.

ఆ బృందం పేరు ద హూ. ఇంగ్లండ్‌లో ఇదే ఉచ్చారణతో ఇంకో పాత రాక్ బృందం ఉంది, రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. ఉలాన్‌బాతర్‌లో 2016లో మొదలైన వీళ్లు 2018లో ‘యువే యువే యు’, ‘వూల్ఫ్ టోటెమ్’ అనే రెండు వీడియోలు యూట్యూబ్‌లో పెట్టారు. అప్పటికి ఆల్బమే లేదు. ‘ద గెరెగ్’ వచ్చింది 2019 సెప్టెంబరులో. ఆల్బమ్ రాకముందే ‘వూల్ఫ్ టోటెమ్’ అమెరికాలో బిల్‌బోర్డ్ వాళ్ల హార్డ్ రాక్ డిజిటల్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది. కొన్నవాళ్లలో మంగోలియా భాష ఎందరికి వచ్చునో ఊహించుకోవచ్చు.

క్యాసెట్ల కాలంలో ఈ గొంతు కొమరోలు దాకా వచ్చే దారే లేదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు కొట్లలో దొరికినవి సినిమా పాటలు, భక్తిపాటలు, నాటకం పద్యాలు, బుర్రకథలు. రాక్ సంగీతానికంటూ ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ అనే పత్రిక 1993లో అలహాబాద్‌లో పుట్టింది గానీ దాని సంచారమంతా నగరాల్లో, పెద్ద కాలేజీల హాస్టళ్లలో. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా అనే విదేశీ రాక్ బృందాలు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు మన వైపు నుంచి ఎవరైనా ఆ జనంలో ఉన్నారంటే, వాళ్లు అప్పటికే బెంగళూరులో కొలువు చేసుకుంటున్నవాళ్లే అయివుండాలి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, డేటా చవకైంది. బంజారాహిల్స్ ఫోన్లో దొరికేదల్లా కొమరోలు ఫోన్లోనూ దొరకసాగింది.

అయితే దొరకడం వేరు, ఎదురుపడటం వేరు.

ఎదురుపడేలా చేసేది యూట్యూబ్ సిఫారసు యంత్రమేనని అందరి నమ్మకం. దాని బలం తక్కువదేం కాదు. జనం చూసే సమయంలో 70 శాతానికి పైగా ఈ సిఫారసుల వల్లేనని ఆ సంస్థ ఉన్నతాధికారి నీల్ మోహన్ 2018 జనవరిలో చెప్పారు. కానీ ఈ యంత్రం బుద్ధి సేద్యపు ఎద్దు బుద్ధి. నిన్న తోలిన సాలులోనే ఇవాళా నడుస్తుంది. ఎన్నిసార్లు నొక్కారన్నది పక్కనపెట్టి ఎంతసేపు చూశారన్నదాన్ని పట్టించుకోవడం 2012 నుంచి మొదలైంది కాబట్టి, ఐటెం సాంగు చివరిదాకా చూసినవాడికి మరో ఐటెం సాంగు వస్తుంది. మెటల్ అనే మోత రాక్ దానంతట అది రాదు. ముక్కుతాడు పట్టుకుని పక్క సాలుకు తిప్పే మనిషి ఒకడు కావాలి. తెలియని బృందం తెలిసిన ప్రతి కథలోనూ, వెతికితే, ఆ మనిషి కనిపిస్తాడు.

అమెరికా బృందం జర్నీకి గాయకుడు దొరికిన తీరే చూడండి. మనీలాలో చిన్నచిన్న వేదికల మీద పరాయి పాటలు పాడుకునే ఆర్నెల్ పినేడా వీడియోలను ఒక స్నేహితుడు యూట్యూబ్‌లో పెట్టాడు. గాయకుడి కోసం వెతుకుతున్న గిటారిస్టు నీల్ షాన్ 2007లో వాటిని చూసి కబురు పెట్టాడు. పినేడా మొదట అదేదో ఆటపట్టించడం అనుకున్నాడు. మరుసటేడు వాళ్లతో వేదికెక్కాడు.

పాట వింటూ తమ మొహాలు చూపించే రియాక్షన్ చానళ్లదీ ఇలా పక్క సాలుకు తిప్పే పనే. తెలుగు సినిమా ట్రైలర్లు చూసి కళ్లు పెద్దవి చేసే విదేశీయుల వీడియోలు మనకు అలవాటే కాబట్టి సంగతి వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో గ్యారీ పట్టణానికి చెందిన ఇద్దరు కవల కుర్రాళ్లు 2020 వేసవిలో ఫిల్ కాలిన్స్ పాత పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ మొదటిసారి విని, మధ్యలో డ్రమ్ములు పడగానే అదిరిపడ్డారు. ఆ వీడియో దెబ్బకు 1981 నాటి పాట ఐట్యూన్స్ అమ్మకాల్లో మళ్లీ పైకి లేచింది. ఈ చానళ్లలో నటన బోలెడు. తెచ్చిపెట్టుకున్న కన్నీళ్లు, పది సెకన్లకోసారి పాట ఆపి ఉపన్యాసం. హక్కుల తగాదా రాకుండా కూడా అలా ఆపుతారనుకోండి. అయినా వాటిని కొట్టిపారేయడం తప్పు. వినడం ఎలాగో పక్కన కూర్చుని చూపించే స్నేహితుడు లేనిచోట, ఉన్నంతలో అదే తోడు.

జింజర్ అనే ఉక్రెయిన్ బృందం సంగతి దీనికి మంచి ఉదాహరణ. 2016 ఆల్బమ్‌లోని ‘పైసీస్’ పాటను స్టూడియోలో నిలబడి వాయిస్తూ తీసిన వీడియో ఉంది. గిటారు మెల్లగా మొదలవుతుంది, తత్యానా ష్మైలుక్ జోలపాటలా పాడుతుంది. కాసేపటికి అదే నోటినుంచి, మొహంలో పెద్ద మార్పేమీ లేకుండా, పులి గాండ్రింపు. రియాక్షన్ చానళ్లన్నీ ఆ ఒక్క క్షణం కోసమే ఈ పాట పెడతాయి. ఫోన్ స్పీకరు మీద పెడితే వంటింట్లోంచి ‘ఏందిరా అది, ఎవురినన్నా కొడతన్నారా?’ అని కేక రావడం ఖాయం. ద కరిస్మాటిక్ వాయిస్ చానల్ నడిపే ఒపెరా గాయని ఎలిజబెత్ జారోఫ్ లాంటివాళ్లు ఇలాంటి పాటల్నే ఆపి ఆపి, గొంతులో ఏం జరుగుతోందో విడమరిచి చెబుతారు. మాట పుట్టే స్వరతంత్రులకు పైన ఇంకో జత మడతలుంటాయి. ఇలాంటి గర్జనలో అవి కూడా అదురుతాయి. మంగోలియా లోగొంతు పాటలోనూ ఆ మడతలకు పనుంది. ఉక్రెయిన్ అమ్మాయికీ గుర్రపు తల వాయిద్యం వాళ్లకీ చుట్టరికం అక్కడ కలుస్తుంది.

ఆ మాటకొస్తే తెలుగు చెవికి ఈ మోత మరీ అంత కొత్తా? వీరభద్రుడి సంబరాల్లో ఖడ్గాలు చదివే మనిషి ఒళ్లు గగుర్పొడిచేలా అరిచే అరుపు, వెనక వీరణం దెబ్బ విన్న ఊళ్లు మనవి. మెటల్‌ను అరుపులని తోసిపుచ్చే పెద్దలు ఆ సంబరం ముందు చేతులు జోడించి నిలబడతారు.

భాష సంగతీ అంతే. ఇంగ్లిషు రాకపోతే రాక్ లేదన్న భ్రమను ఈ వీడియోలే పోగొట్టాయి. ఏలియన్ వెపన్రీ అనే న్యూజిలాండ్ కుర్రాళ్లు మావోరీ భాషలో త్రాష్ మెటల్ పాడతారు. ఇండొనేసియాలో గారుత్ వైపు పల్లెటూరి బడిలో ముగ్గురు అమ్మాయిలకు ఒక మాస్టారి దగ్గర సిస్టం ఆఫ్ ఎ డౌన్ అనే బృందం పాటలు పరిచయమయ్యాయి. 2014లో హిజాబ్‌తోనే వాయిస్ ఆఫ్ బాచెప్రోత్ అనే బృందం పెట్టుకున్నారు. సుందా భాషలో బాచెప్రోత్ అంటే గోల. వాళ్ల వీడియోలు దేశాలు దాటాయి. 2022లో జర్మనీలో వాకెన్ మెటల్ ఉత్సవం, 2024లో ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవం. గ్లాస్టన్‌బరీలో వాయించిన తొలి ఇండొనేసియా బృందం వాళ్లదే. గారుత్ జకార్తా కాదు. అక్కడి మనుషులకూ పొలాలు, కొండలు, పెద్దల కోపతాపాలే. ఆ మాస్టారు సిఫారసు యంత్రం కంటే ముందున్నాడు.

మన దేశంలో ఢిల్లీ బృందం బ్లడీవుడ్‌ది అచ్చంగా యూట్యూబ్ పుట్టుకే. పాప్ పాటలను మెటల్‌లోకి మార్చి నవ్వించడంతో 2016లో మొదలుపెట్టి, ఢోలు భుజానికెత్తుకుని 2019లో వాకెన్ చేరారు. 2022లో ‘రక్షక్’ ఆల్బమ్. హైదరాబాద్‌లో గాడ్‌లెస్ ఉంది. 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చిన డెత్ మెటల్ బృందం. పాటలు ఇంగ్లిషులో, పేరు తెలిసినవాళ్లు తెలుగు జిల్లాల్లో తక్కువ. తెలుగులోనే పాడే చౌరస్తా బృందం జానపదానికీ రెగేకీ రాక్‌కీ ముడి వేసింది. కరోనా మొదలైన 2020లో వాళ్ల ‘చేతులెత్తి మొక్కుతా’ ఇంటింటికీ తిరిగింది. మరి ఆ పాట పాడిన రామ్ మిర్యాల గొంతు తర్వాత ఎక్కడ వినిపించింది? 2021లో ‘జాతిరత్నాలు’ సినిమాలో ‘చిట్టి’ పాటలో, 2022లో ‘డీజే టిల్లు’ పాటలో. అతను ఎదిగినందుకు సంతోషమే. కానీ తెలుగులో ఏ వాగు పుట్టినా సినిమా చెరువులో కలవాల్సిందేనా అన్న గొణుగుడు ఈ వ్యాసకర్తకు తప్పడం లేదు.

తప్పు సినిమాదే అనడం తేలిక. వీడియో తీసే తెలుగువాళ్లు కూడా చేయాల్సిన పని ఒకటుంది. సియాటిల్‌లో కేఈఎక్స్‌పీ అనే రేడియో వాళ్లు ఊరూపేరూ తెలియని బృందాలను గదిలో నిలబెట్టి, ప్రతి వాయిద్యానికీ మైకు పెట్టి, పాట పూర్తిగా తీసి చానల్‌లో పెడతారు. మంటలు, డ్రోన్లు ఏమీ ఉండవు. శబ్దం మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఇప్పుడు గిద్దలూరు, కొమరోలు చుట్టుపక్కల చెక్కభజన వీడియోలు వెతకండి. పెళ్లి వీడియోలు తీసే కుర్రాడో, భజన గుంపులోని వాడి తమ్ముడో ఫోన్లో తీసి పెట్టినవే ఎక్కువ. గజ్జెలు కట్టుకున్న మనుషులు గుండ్రంగా తిరుగుతుంటారు, గురువు వేగం పెంచుతుంటాడు, ఒళ్లంతా చెమట. ఏ మెటల్ వేదికకూ తీసిపోని ఊపు. తీరా అందరి చెక్కలూ ఒక్కసారిగా పడే జాగాలో ఫోను మైకు తట్టుకోలేక శబ్దం చిట్లిపోతుంది. మిగిలింది సౌండ్ బాక్సులోంచి వచ్చే గురువు గొంతు మింగేస్తుంది. ఉలాన్‌బాతర్‌లోనో మెక్సికోలోనో ఇది ఎదురుపడినవాడు ఐదు సెకన్లు కూడా ఆగడు, అతన్ని తప్పుపట్టలేం.

హైదరాబాద్‌లో రికార్డింగ్ తెలిసిన కుర్రాళ్లకు, మంచి మైకులకు కొదవ లేదు. శ్రీరామనవమి నాటి రాత్రి నాలుగు మైకులు, ఒక రికార్డరు సంచిలో వేసుకుని రావచ్చు. పదిన్నరకు దిగినా కంగారు అక్కర్లేదు, అప్పటికి ఇక్కడ భజన ఇంకా మొదలై ఉండదు.