వజ్రాల గడియారమును పేదవాని కందిపంటయు

నీ మణికట్టు మీదనున్న గడియారము కాలము తెలిసికొనుటకు కట్టుకొన్నావా, పదిమందికి చూపుటకు కట్టుకొన్నావా? వికారాబాదు, తాండూరు ప్రాంతపు సంఘములలోని యౌవనస్థులను, వారికంటె ముఖ్యముగా వారి తల్లిదండ్రులను నేనీ ప్రశ్న అడుగుచున్నాను.

2015వ సంవత్సరమున జేకబ్ అండ్ కంపెనీ వారు 'బిలియనీర్' అను చేతి గడియారమును చేసి, దానికి 260 క్యారెట్ల వజ్రములు పొదిగిరి. వెల కోటి ఎనుబది లక్షల డాలర్లు. నేటి లెక్కకు 150 కోట్ల రూపాయలకు పైమాటయే. ఇంత చేసియు అది చెప్పు గంట తాండూరు స్టేషనులోని గడియారము చెప్పు గంటయే! నిజమునకు కమానుతో నడుచు గడియారము ఎంత మేలైనదైనను దినమునకు కొన్ని సెకండ్లు తప్పును. సంతలో దొరకు బ్యాటరీ గడియారము అంతకంటె సరిగా నడుచును.

బెంగళూరులో 1961లో ఆరంభమైన హెచ్.ఎం.టి. కర్మాగారపు 'జనతా' గడియారమును మీ ఇంటి పెద్దలెరుగుదురు. దానిలో 17 రాళ్లున్నవి. అవి మనుష్యులు చేసిన చిన్న కెంపులు. చక్రముల ఇరుసులు అరిగిపోకుండ ఆ కెంపులలో తిరుగును. మూత తీయు రిపేరు మనిషి తప్ప వాటిని చూచువాడు లేడు. లోపలి రాయి పని చేయుచున్నది. పైకి మెరయు రాయి ఏమి చేయుచున్నది?

ఫ్రాన్సు రాణియైన మరీ ఆంట్వానెట్ నిమిత్తము 1783లో బ్రెగే అను గొప్ప పనివానికి ఒక గడియారము పురమాయింపబడెను. నాటికి తెలిసిన విద్యలన్నియు అందులో నుండవలెను, బంగారమునకు లోటు రాకూడదు. 1793లో రాణి శిరస్సు తెగెను. 1823లో బ్రెగే మరణించెను. గడియారము 1827లో గాని ముగియలేదు! తరువాత అది యెరూషలేములోని ప్రదర్శనశాలకు చేరి, 1983లో దొంగలపాలై, 2007లో దొరికెను. భూమిమీది ధనమునకు కన్నము వేయు దొంగలను గూర్చి ప్రభువు చెప్పిన మాట ఆ పట్టణములోనే రుజువగుట చూడుడి.

దూరము పోనేల? మన వికారాబాదు నవాబు వికార్-ఉల్-ఉమ్రా పేరిట నున్నది. ఆయన హైదరాబాదులో ఫలక్‌నుమా మేడ కట్టించి, అప్పుల భారముచేత దానిని నిజామునకు విడిచెను. ఆ నిజాము కొన్న జేకబ్ వజ్రము 184 క్యారెట్లకు పైబడినది (ఈ జేకబ్ వేరు, పై జేకబ్ వేరు). అతని కుమారుడైన ఏడవ నిజాము దానిని కాగితములు ఎగిరిపోకుండ బరువుగా పెట్టుకొన్నాడు. 1995లో భారత ప్రభుత్వము ఆ వంశపు నగలతోకూడ దానిని 218 కోట్ల రూపాయలకు కొనెను. అది కాగితములనైన పట్టియుంచెను. గడియారము మీది వజ్రము ఆ పనియు చేయదు.

"అహరోను పతకములో పండ్రెండు రత్నములు లేవా?" అని మీలో కొందరందురు. ఉన్నవి. వాటిమీద ఇశ్రాయేలు గోత్రముల పేర్లు చెక్కబడియుండెను. యాజకుడు జనులను తన రొమ్మున మోసికొని దేవుని సన్నిధికి పోయెను. నీ గడియారపు రాయి మీద ఎవరి పేరున్నది? చెక్కు పనిని నేను తప్పు పట్టను. బెసలేలు చేతి నేర్పు దేవుని ఆత్మ యిచ్చినదే. సూరతులో వజ్రములు సానబట్టు కూలివాని అన్నము కష్టార్జితమే.

కోటీశ్వరునితో నాకు జగడము లేదు. వాని లెక్క వాడు అప్పగించుకొనును. నా బాధ మన పెండ్లిండ్లను గూర్చినది. మునుపు అల్లునికి సైకిలు, గడియారము. ఇప్పుడు మోటారు సైకిలు, రాళ్లు మెరయు బంగారు గడియారము. వజ్రము కొనలేనివాడు అద్దపు రాళ్లనైన మెరిపించవలెనట! తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది, సంతోషమే. కాని ఆ కంది పండించిన తండ్రి, పంట కళ్లములో నుండగనే షావుకారు గడప ఎక్కుచున్నాడు. నాపరాతి గనిలో పలుగు పట్టి చేతులు కాయలు కాచినవాడు, పని యెరుగని మణికట్టుకు నగ కొనుచున్నాడు.

"మేము అడుగలేదు, వారే ప్రేమతో పెట్టిరి" అందురు. కట్నము 1961 నుండి చట్టవిరుద్ధమని ఎరిగినవారు మాట మార్చిరి, అంతే. పెట్టనియెడల మన పిల్ల అత్తవారింట మూతివిరుపులు సహింపవలెనని భయపడి పెట్టినది ప్రేమయగునా? ఆ గడియారము కట్టుకొన్న పెండ్లికుమారుడు మరుసటి ఆదివారము ఆరాధనలో మూడవ కీర్తన పాడునప్పుడు గాని రాడు! హిజ్కియా దినములలో ఆహాజు ఎండగడియారమున నీడ వెనుకకు మరలినది. అది దేవుని కార్యము. వడ్డీ పెరుగు దినమును ఏ గడియారమును ఒక్క నిమిషమైన వెనుకకు త్రిప్పజాలదు.

కాబట్టి సంఘపెద్దలారా, మీ మందిరములో వచ్చు పెండ్లి ప్రకటన చదువకమునుపు ఇరువైపులవారిని కూర్చుండబెట్టుడి. గడియారము ఎవరు కొనుచున్నారు, ఏ డబ్బుతో కొనుచున్నారు అని అడుగుడి. అప్పు డబ్బని తేలినయెడల దానిని దుకాణమునకు తిరిగి పంపుడి. డబ్బు షావుకారుకు చేరిన రసీదు మీ చేతికి వచ్చిన తరువాత ప్రకటన చదువుడి.