ఆగని బండి – అందరూ ఎక్కాల్సిన బండి



నిండు నీళ్ల డ్రమ్మును బండి మీద తోసిన వాళ్లకు ఒక సంగతి తెలుసు. మొదట కదిలించడమే కష్టం, కదిలినంక తేలిక. ప్రతి స్టాపు కాడ ఆగి మళ్లీ కదిలే బస్సుకు, రైలుకు కూడా అంతే. టైము పోతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే అసలు ఆగని బండి చేస్తే ఎట్లుంటదని పట్నాలోళ్లు 100 ఏళ్లకు పైనుంచే ఆలోచిస్తున్నారు.

1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో కదిలే బాట వేసినారు. చుట్టు దాదాపు మూడున్నర కిలోమీటర్లు. పక్కపక్కనే రెండు బాటలు. ఒకటి గంటకు సుమారు 4 కిలోమీటర్లు, అంటే మన నడకంత. రెండోది దానికి రెట్టింపు. ముందు మెల్లగా పోయే దాని మీద కాలు పెట్టి, తర్వాత జోరుగా పోయే దాని మీదికి పోవాలి.

బొలీవియా దేశంలో లాపాజ్ అనే పట్నం ఉంది. దాని పైన కొండ మీద ఎల్ ఆల్టో. అక్కడ చాలామంది అయ్మారా ఆదివాసులు, మనలాంటోళ్లే. 2014 నుంచి ఆ రెండు ఊర్ల నడుమ తీగ మీద డబ్బాలు తిరుగుతున్నాయి. ఒక్కో దాంట్లో 10 మంది కూర్చుంటారు. తీగ ఆగదు. స్టేషన్‌లోకి రాగానే డబ్బా తీగను వదిలేసి మెల్లగా జరుగుతుంది. జనం దిగి, ఎక్కినంక జోరందుకొని మళ్లీ తీగను పట్టుకుంటుంది. స్టేషన్లకు అయ్మారా భాషలో కూడా పేర్లు పెట్టినారు. అది నాకు చాలా నచ్చింది.

మన గట్టుకు అట్లాంటి తీగబండి కావాలని నేను అనను. ఎప్పుడూ తిరిగే బండికి ఎప్పుడూ జనం ఉండాలి. మన కాడ అది ఖాళీగా తిరుగుతుంది. మనకు టైముకు వచ్చే బస్సు చాలు. అది హైదరాబాదు లాంటి పట్నాలకు పనికొస్తది.

కానీ నా అభిప్రాయం ఏమిటంటే, ఆగకుండా పోవడం గొప్ప కాదు, ఎక్కనీకి మెల్లని చోటు ఉంచడం గొప్ప. 2017 నవంబరులో మొదలైన హైదరాబాదు మెట్రోలో కదిలే మెట్లున్నాయి. అలవాటు లేని ముసలవ్వలు కాలు పెట్టనీకి జంకుతారు. అది తెలివి లేక కాదు. తేనె కోసం తాడు పట్టుకొని కొండ అంచు దిగే చెంచోళ్లకు ధైర్యం ఒకరు నేర్పాల్నా? అలవాటు లేదు, అంతే.

మన చదువు కూడా ఆగని బండే. సిలబస్ ఎవరి కోసం ఆగదు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. సెలవుల్లో ఇంటికి పోతే లెక్క చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ నాలాంటోళ్లు చాలామంది ఉన్నారు. పెంటల నుంచి, తండాల నుంచి 5వ తరగతికి వచ్చిన చెల్లెళ్లు జోరుగా పోయే దాని మీదికి ఒక్కసారే దూకాల్సి వస్తుంది. పడిపోయినోళ్లు ఇంటికి పోయి మళ్లీ రారు.

అందుకే వార్డెన్ మేడమ్ గార్లకు నా మనవి. సాయంత్రం స్టడీ అవర్‌లో అరగంట, 9వ తరగతి వాళ్లం ఒక్కొక్కరం ఇద్దరు చెల్లెళ్లను కూర్చోబెట్టుకొని చదివిస్తాం. మా చదువు పాడవుతుందని కొందరు అనొచ్చు. కాదు. ఒకరికి చెప్తే మనకు ఇంకా బాగా వస్తుంది. డబ్బా మెల్లగైతే తీగ ఆగలేదు కదా!

ఒప్పుకునే అక్కలు ఈ కాగితం కింద మీ పేర్లు రాయండి. మొదటి పేరు నేనే రాసినాను.

– 9వ తరగతి విద్యార్థిని