కళ్లం దాకా వచ్చే వైరు

మిరప కోతలు మొదలయ్యాక అద్దంకి చుట్టుపక్కల కళ్లాల్లో రాత్రంతా బల్బులు వెలుగుతూనే ఉంటాయి. కాయకు కాపలా పడుకునేవాళ్లకు వెలుతురూ ఫ్యానూ కావాలి. కరెంటు పనివాణ్ణి కాబట్టి నా కళ్లు ముందు వైరు మీదికే పోతాయి. రెండు తీగల సన్న వైరును మధ్యలో మెలేసి, టేపు చుట్టి, పట్టా కిందినుంచి లాగేస్తారు. తెల్లవారుజామున మంచుకు ఆ అతుకు తడుస్తుంది. పొద్దున్నే పట్టా ఎత్తి కాయ తిరగేసేది కూలికొచ్చిన ఆడవాళ్లు, చాలాసార్లు చెప్పుల్లేకుండా.

మందపాటి రబ్బరు తొడుగున్న మూడు కోర్ల రాగి వైరు అడిగి కొనండి. బల్బుకీ ఫ్యానుకీ 1.5 చదరపు మిల్లీమీటర్లది చాలు; దూరంగా మోటారు నడపాలంటే 2.5 తీసుకోండి. ప్లగ్గులో మూడో పిన్ను విరిచేస్తే ఎర్తు లేనట్టే. మిగిలిన వైరును చుట్టగా ఉంచి మోటారు వేయకండి, వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. కరెంటు మనిషి ఒంట్లోంచి నేలకు పారుతుంటే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. పురుగుమందులకు వేలు పోసే రైతు దీని దగ్గర వెనకాడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. రాయితీపై పట్టాలు ఇచ్చినట్టే వ్యవసాయ శాఖ దీన్నీ ఇవ్వాలి, వచ్చే కోతల్లోపే.