రాయెక్కే బుల్లి బండికి బడి ల్యాబులో చోటివ్వాలి

అడుగున్నర పొడవున్న ఓ బుల్లి జీపు మోకాలెత్తు గ్రానైట్ బండ ముందు ఆగింది. రిమోట్ పట్టుకున్న అమ్మాయి మీటను కొద్దిగా నొక్కగానే ముందు చక్రాలు రాతిని కరుచుకుని మెల్లగా పైకి పాకాయి. ఒక చక్రం గాల్లోకి లేచినా బండి ఆగలేదు. ఇంకో జానెడు ఎక్కితే పైకి చేరేదే. అంతలో ముందు భాగం తేలిపోయి బండి వెనక్కి పల్టీ కొట్టింది. ఆ అమ్మాయి దాన్ని తిప్పి నిలబెట్టి, మళ్లీ రిమోట్ అందుకోకుండా స్క్రూడ్రైవర్ తీసింది. బ్యాటరీని విప్పి ముందు ఇరుసు మీదికి, వీలైనంత కిందికి మార్చడం మొదలుపెట్టింది.

రిమోట్ రాక్ క్రాలర్ అనే ఈ బండిలో నిజమైన చదువు మొదలయ్యేది అక్కడే. రేసు కారు ఎంత వేగంగా వెళ్తుందని చూస్తే, క్రాలర్ ఎంత కష్టమైన రాయిని పట్టు తప్పకుండా ఎక్కుతుందని చూస్తారు. జపాన్‌కు చెందిన టమియా సంస్థ 1987లో తెచ్చిన క్లాడ్ బస్టర్ అనే బొమ్మ ట్రక్కు ఇరుసులను విప్పి, వాటితో సొంత బండ్లు కట్టుకున్న అమెరికా అభిరుచి వీరుల నుంచి ఈ ఆట పెరిగింది. ఇప్పుడు అన్నీ అమర్చిన బండ్లు పెట్టెలోనే వస్తున్నాయి. అయినా కొన్నదాన్ని కొన్నట్టే ఉంచేవారు తక్కువ. ఆ విప్పి మార్చే అలవాటును బడుల్లోని టింకరింగ్ ల్యాబులు అందిపుచ్చుకోవాలి.

ముందుగా ఆ పల్టీ సంగతి. ముందు, వెనక చక్రాల మధ్య 313 మిల్లీమీటర్ల దూరం ఉన్న బండిని తీసుకుందాం. ఈ ఆటలో ఇది మామూలు కొలతే. బండి గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, సరిగ్గా మధ్యలో, నేలకు 100 మి.మీ. ఎత్తులో ఉందనుకుంటే, సుమారు 57 డిగ్రీల వాలు దాటాక బండి వెనక్కి తిరగబడాలి. బ్యాటరీని ముందుకూ కిందికీ జరిపి, ముందు ఇరుసుకు ఇత్తడి బరువులు బిగించి, 60 శాతం బరువు ముందు చక్రాల మీద పడేలా, గరిమనాభి 80 మి.మీ. ఎత్తుకు దిగేలా చేస్తే ఆ హద్దు సుమారు 67 డిగ్రీలకు చేరుతుంది.

పల్టీ కొట్టకపోయినా తేడా కనిపిస్తుంది. 45 డిగ్రీల వాలు మీద మొదటి బండిలో రాతిని అదిమే బలంలో 18 శాతమే ముందు చక్రాలది. రెండో బండిలో అది దాదాపు 35 శాతం. మొదటి బండి ముందు చక్రాలు ఊరికే గిరగిరా ఎందుకు తిరుగుతున్నాయో ఈ ఒక్క అంకె చెబుతుంది. దీనికి త్రికోణమితిలో ‘టాన్’ తెలిస్తే చాలు. ముందు చక్రాలను, వెనక చక్రాలను విడివిడిగా వంటింటి తూకం మీద పెడితే బరువు పంపకం తెలిసిపోతుంది.

ఇక్కడే అభిరుచి లోకంలో బాగా చెలామణీ అయ్యే ఒక నమ్మకాన్ని పరీక్షించవచ్చు. ‘బరువు పెంచితే పట్టు పెరుగుతుంది’ అంటారు. అది సగం నిజం. బరువు పెరిగితే రాతిని అదిమే బలం పెరుగుతుంది, బండిని కిందికి లాగే బలమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పాఠ్యపుస్తకంలోని ఘర్షణ నియమం ప్రకారం బండి జారే కోణం బరువు మీద ఆధారపడదు, రబ్బరుకూ రాతికీ మధ్య ఉండే ఘర్షణ గుణకం మీదే ఆధారపడుతుంది. ఆ గుణకం 1 అయితే 45 డిగ్రీల దగ్గర జారాలి. కాబట్టి ఇత్తడి ముక్క చేసే మేలు ప్రధానంగా దాన్ని బిగించిన చోటు వల్ల వస్తుంది. అదే ఇత్తడిని జీపు కప్పు మీద పెడితే బండి మునుపటికన్నా ముందే పల్టీ కొడుతుంది. పైగా మెత్తని రబ్బరు ఆ నియమాన్ని పూర్తిగా పాటించదు. రాతి గరుకుల్లోకి ఒదిగిపోతుంది కనుక లెక్కకు, బండకు మధ్య తేడా వస్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందని విద్యార్థి అడిగిన రోజున ల్యాబు తన పని చేసినట్టు.

గేర్ల కథ కూడా ఇంతే. 2.5 కిలోల బండి 45 డిగ్రీల వాలు ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 17 న్యూటన్ల బలం కావాలి. చక్రం వ్యాసార్ధం 55 మి.మీ. అయితే ఇరుసుల దగ్గర మొత్తం 0.95 న్యూటన్ మీటర్ల టార్క్ అవసరం. మోటారు 40 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరిగేలా గేర్లు అమరిస్తే, నష్టాలను పక్కనబెడితే, మోటారు మీద పడేది 0.024 న్యూటన్ మీటర్లే. ఆ సాయానికి మూల్యం వేగం. నిమిషానికి 8,000 సార్లు తిరిగే మోటారుతో కూడా బండి సెకనుకు మీటరుకు కాస్త పైన, అంటే మనిషి నడకతో పోతుంది. కొండెక్కే లారీ చిన్న గేరులోకి ఎందుకు మారుతుందో అర్థం కావడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ప్రతి మార్పుకూ ఇలా ఒక మూల్యం ఉంటుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా టార్క్ పంచుతుంది కాబట్టి ఒక చక్రం గాల్లోకి లేస్తే రెండోదీ నిస్సహాయమవుతుంది. అందుకే క్రాలర్లలో దాన్ని లాక్ చేస్తారు. అప్పుడు రాయి ఎక్కుతుంది కానీ మలుపు తిరగడం కష్టమవుతుంది, ఇరుసుల మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఇవి బొమ్మల చిక్కులు మాత్రమే కావు. అంగారకుడి మీద స్పిరిట్ రోవర్ 2009లో మెత్తటి మట్టిలో కూరుకుపోయి మళ్లీ బయటపడలేదు. క్యూరియాసిటీ రోవర్ అల్యూమినియం చక్రాలను పదునైన రాళ్లు చీల్చడంతో, ఒక్కో చక్రం వేగాన్ని నేలను బట్టి సర్దే సాఫ్ట్‌వేర్‌ను ఇంజినీర్లు తయారుచేసి భూమి నుంచే పంపారు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3తో చంద్రుడిపై దిగిన 26 కిలోల ప్రజ్ఞాన్ ఆరు చక్రాలతో సెకనుకు సుమారు ఒక సెంటీమీటరు వేగంతో నడిచింది. దాని రాకర్ బోగీ అమరికలో క్రాలర్‌కు ఉండే స్ప్రింగులు లేవు. అయినా ఎగుడుదిగుడు నేల మీద అన్ని చక్రాలూ ఆనేలా చూడటమే రెండింటి లక్ష్యం.

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఇప్పటికే దాదాపు 10 వేల బడుల్లో టింకరింగ్ ల్యాబులు నెలకొల్పింది. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ఆ గదుల్లోకి ఏ వస్తువులు వస్తాయన్నదానికన్నా అక్కడ ఏం జరుగుతుందన్నది పెద్ద ప్రశ్న. సూచనల పుస్తకం చూసి ఒక్కసారి కిట్ బిగించి, అది కదలగానే ఫొటో తీసి బీరువాలో పెట్టేస్తే పిల్లలకు మిగిలేది స్క్రూలు బిగించడమే.

క్రాలర్లు ఖరీదైనవన్న అభ్యంతరం న్యాయమైనదే. దిగుమతి బొమ్మలపై కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. నడిచే చిన్న నమూనాలను కూడా కస్టమ్స్ పట్టిక బొమ్మల కిందే లెక్కిస్తుంది. కానీ బడికి బ్రాండెడ్ బండి అక్కర్లేదు. గేరు మోటార్లు, ప్లైవుడ్ చట్రం, పాత సైకిల్ ట్యూబు తొడిగిన చక్రాలతో పైలెక్కలన్నీ చేయవచ్చు. లిథియం పాలిమర్ బ్యాటరీ దెబ్బతిన్నా, ఎక్కువ చార్జ్ అయినా మంటలంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి పిల్లల చేతికి నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు మేలు. పరీక్షా మైదానం కోసం వెతకనక్కర్లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల నుంచి హంపి దాకా దక్కన్ అంతటా గుండ్రాళ్లు పరచుకునే ఉన్నాయి.

ఖర్చులేని మరో మార్పు మార్కుల్లో రావాలి. బండి రాయెక్కిందా లేదా అన్నదానికి కాకుండా నోటుపుస్తకానికి మార్కులు వేయాలి. ఒకసారికి ఒకే మార్పు, దానికి ముందూ తర్వాతా కోణం, బరువు పంపకం, లెక్క చెప్పిన అంకె, బండ చెప్పిన అంకె అందులో ఉండాలి. పదిసార్లు పల్టీ కొట్టి, ప్రతిసారీ కారణం రాసుకున్న జట్టుకు, మొదటిసారే ఎక్కించి కారణం చెప్పలేని జట్టుకన్నా ఎక్కువ మార్కులు రావాలి. అలా మార్కులు వేసే బడిలో పల్టీ కొట్టిన బండిని చూసి ఏ పిల్లా సిగ్గుపడదు. స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపుతుంది.