ఫ్లాట్‌ల్యాండ్ సైకిల్‌కి నాప్ చూడండి, రంగు తర్వాత



ఈద్ బట్టలు కుట్టించేటప్పుడు మన ఇళ్లలో ఒక పాత ఆదత్ ఉంది. "బచ్చా పెరుగుతాడు మాస్టర్ సాబ్, రెండంగుళాలు ఎక్కువే పెట్టండి" అంటాం. కుర్తాకి అది నడుస్తుంది. మడిచి కుట్టి, మరుసటేడు విప్పుకోవచ్చు. సైకిల్ ఫ్రేమ్‌కి మడత ఉండదు. మామూలు సైకిలైతే సీటు ఎత్తో దించో కొంత సర్దుకుంటాం. ఫ్లాట్‌ల్యాండ్ బీఎంఎక్స్‌లో ఆ సర్దుబాటు కూడా పనికిరాదు, ఎందుకంటే దాని మీద కూర్చునేదే తక్కువ.

ఈ ఖేల్ తెలియని అమ్మీలకి, అబ్బాలకి రెండు మాటలు. ర్యాంపులు ఉండవు, గోడలు దూకడం ఉండదు. చదునైన నేల ఒక్కటి చాలు. 20 అంగుళాల చక్రాల చిన్న సైకిల్, ఇరుసుల చివర్లలో కాళ్లు పెట్టుకునే గొట్టాలు, వాటినే పెగ్గులు అంటారు. వాటి మీద నిలబడి, ఒక్క చక్రం మీద సైకిల్‌ని తిప్పుతూ, దాని చుట్టూ తాము తిరుగుతూ ఉంటారు. మొత్తం తవాజున్ మీద నడిచే హునర్. ఫ్రాన్స్ మాథియాస్ దాందోవా, స్పెయిన్ వికీ గోమెజ్ లాంటి చాంపియన్ల వీడియోలు ఫోన్‌లో చూసి మన పిల్లలకీ ఈ షౌక్ పట్టుకుంటోంది. మాషా అల్లాహ్, మంచి షౌకే. కానీ దుకాణానికి వెళ్లాక ఇంట్లోవాళ్లు రంగు చూస్తారు, బరువు చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు. నాప్ మాత్రం ఎవరూ అడగరు. నా రాయ్ ఏమిటంటే, ముందు అడగాల్సింది అదే. కుదరని ఫ్రేమ్ మీద ఆరు నెలలు కష్టపడి, "నా వల్ల కాదు అబ్బా" అని సైకిల్‌ని మెట్ల కింద పెట్టేసే బచ్చాలో లోపం ఉండకపోవచ్చు.

డండాతో మొదలుపెడదాం. చిన్నప్పుడు మనల్ని కూర్చోబెట్టుకుని తిప్పిన ఆ పై గొట్టమే. దుకాణం వాళ్లు టాప్ ట్యూబ్ అంటారు. ఫ్లాట్‌ల్యాండ్ ఫ్రేముల్లో ఇది చాలావరకు 18.5 నుంచి 20 అంగుళాల మధ్య ఉంటుంది. వీధుల్లో, పార్కుల్లో దూకే బీఎంఎక్స్‌లకి 20.5, 21 అంగుళాలు మామూలు. ఒకటిన్నర అంగుళాల ఫర్క్ కాగితం మీద ఏమీ అనిపించదు. ముందు పెగ్గు మీద కాలు పెట్టి, వెనక చక్రాన్ని గాలిలోకి లేపి, ముందు చక్రం మీదే దొర్లే ఆటని హ్యాంగ్ ఫైవ్ అంటారు. అందులో తెలుస్తుంది ఆ ఫర్క్. వెనక గాలిలో ఉన్న భాగం ఎంత పొడుగైతే అంత బద్ధకంగా కదులుతుంది, దాన్ని దారికి తెచ్చుకోవడానికి అంత జోర్ కావాలి. పొట్టిదైతే వేలి కదలికకే జవాబిస్తుంది. అలాగని పొడగరి పిల్లాడికి 18.5 ఇస్తే మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకుంటాయి, కాలు ఈ పక్క నుంచి ఆ పక్కకి దాటించే జాగా ఉండదు.

రెండోది వెనక భాగం, అంటే పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉన్న దూరం. ఫ్లాట్‌ల్యాండ్‌లో 13 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. ముందు చక్రం లేపాలంటే ఒంటి బరువు వెనక ఇరుసు మీదికి జరగాలి. ఈ దూరం తక్కువైతే కొద్దిగా వంగినా చాలు, సైకిల్ లేచిపోతుంది. ఇది విని పిల్లలు "అన్నిటికంటే పొట్టిది కావాలి" అంటారు. అక్కడ నేను ఒప్పుకోను. అతి పొట్టి వెనక భాగం ఎంత తేలిగ్గా లేస్తుందో అంత తేలిగ్గా వీపు మీద పడేస్తుంది. కొత్తవాడికి తప్పు దిద్దుకోవడానికి ఒక్క క్షణం మొహ్లత్ కావాలి.

ఇక్కడో కిఫాయత్ మాట. వెనక ఇరుసు కూర్చునే గాడిలో చక్రాన్ని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. చైన్‌లో ఒక అంగుళం ముక్క తీసేస్తే చక్రం దాదాపు అర అంగుళం ముందుకొస్తుంది, గాడిలో అంత జాగా ఉండాలి అంతే. కొత్త ఫ్రేమ్ కొనకుండానే సైకిల్ మిజాజ్ మారుతుంది.

అసలు మజా చిమ్టాలో ఉంది. చిమ్టా ఫ్రేమ్‌లో భాగం కాదంటారు. నిజమే, కానీ ఫ్రేమ్ మెడ ఏ కోణంలో వాలిందన్న లెక్క చిమ్టా లేకుండా సగమే. ఫ్లాట్‌ల్యాండ్‌లో ఆ కోణం దాదాపు 74.5 నుంచి 75.5 డిగ్రీలు. ఎంత నిటారుగా ఉంటే హ్యాండిల్ అంత చురుకు. మామూలు బీఎంఎక్స్ చిమ్టాలో చక్రం ఇరుసు, హ్యాండిల్ తిరిగే గీత కంటే 30 మిల్లీమీటర్ల దాకా ముందుకు ఉంటుంది. ఫ్లాట్‌ల్యాండ్ ఆడేవాళ్లు హ్యాండిల్‌ని పూర్తిగా వెనక్కి తిప్పేసి, చిమ్టా తిరగబడి ఉండగానే దొర్లుతారు. అలా తిప్పినప్పుడు ముందున్న 30 వెనక 30 అవుతుంది. రెండు చక్రాల మధ్య దూరం దాదాపు 6 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. ఆట మధ్యలో సైకిలే మారిపోయినట్టు! అందుకే చాలామంది ఇరుసు ఆ గీత మీదే ఉండే జీరో ఆఫ్‌సెట్ చిమ్టాని, లేదా దానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటారు. అప్పుడు ఎటు తిప్పినా నాప్ ఒక్కటే. మామూలుగా తొక్కేటప్పుడు హ్యాండిల్ కాస్త బరువుగా అనిపిస్తుంది గానీ, ఈ సైకిల్ మీద ఎవరు మదరసాకి వెళ్తారు?

డండా ఎత్తు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కిందికి ఉంటే కాలు దాటించడం తేలిక, బస్.

"రియాజ్ ఉంటే ఏ సైకిలైనా చాలు" అనే ఉస్తాదులు ఉన్నారు. వాళ్ల మాటలో వజన్ ఉంది. 1980ల చివర్లో అమెరికాలో, పెన్సిల్వేనియా యార్క్‌లో కెవిన్ జోన్స్, ఆయన సాథీలు దొర్లే ఆటల్ని కొత్త మలుపు తిప్పినప్పుడు సైకిళ్లు ఇప్పటి కంటే పొడుగ్గానే ఉండేవి. కానీ వాళ్లు రోజంతా ఆడారు, ఆ ఆటల్ని కనిపెట్టిందే ఆ సైకిళ్ల మీద. స్కూలు, ట్యూషన్, ఖురాన్ సబక్ అయ్యాక గంట దొరికే మన బచ్చాకి ఆ మిసాల్ చూపడం ఇన్సాఫ్ కాదు. అలాగే చాంపియన్ పేరు మీద వచ్చే ఫ్రేమ్ ఆయన ఒంటికి, ఆయన ఆటకి కుదిరిన షేర్వానీ. మన పిల్లాడికి కుదిరితే అది ఇత్తెఫాక్.

కొత్తగా మొదలుపెట్టే మామూలు ఎత్తు పిల్లలకి, అది బేటా అయినా బేటీ అయినా, నేనైతే డండా 19 నుంచి 19.5, వెనక భాగం 13 చుట్టూ ఉన్నది చూడమంటాను. పొట్టిగా ఉంటే ఇంకాస్త తగ్గించండి. పెరుగుతారని పెంచకండి. ఎత్తు పెరిగాక ముందు హ్యాండిల్‌ని పట్టే స్టెమ్ మార్చి చూడొచ్చు, ఫ్రేమ్ కంటే చాలా తక్కువ ఖర్చు.

దుకాణం భాయ్‌కి ఈ అంకెలు తెలియకపోతే నారాజ్ కావద్దు, జేబులో టేపు ఉంచుకోండి. మెడ గొట్టం మధ్య నుంచి సీటు గొట్టం మధ్యకి ఒక కొలత, పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఇంకోటి. చిమ్టాకి టేపు అక్కర్లేదు. పక్క నుంచి చూడండి, మెడ గొట్టం గీతని కళ్లతోనే కిందికి లాగండి. అది ఇరుసు మధ్యలోంచి పోతే జీరో, ఇరుసు దానికి ముందుగా ఉంటే మామూలు చిమ్టా. తర్వాత బచ్చాని ఎక్కించి, హ్యాండిల్ వెనక్కి తిప్పించి, మోకాళ్లు తగులుతున్నాయేమో చూసుకుని అప్పుడు బేరం మొదలుపెట్టండి.