ఇంటిపటము – సాయమడుగు విధము

కంప్యూటరుపై ఇంటిపటములు గీయ నేర్చుకొను మన విద్యార్థులు చిక్కు గలిగినప్పుడు "మాష్టరుగారూ, ఇది పనిచేయుట లేదు" అని మాత్రమే చెప్పుచుందురు. ఇది నిట్టూర్పే కాని ప్రశ్న కాదని నా యభిప్రాయము.

మొన్న నొక బాలుఁడు తన తండ్రి కట్టింపనున్న యింటిని ఆటోకాడ్‌నందు మిల్లీమీటర్లలో గీసి, వేఱొకరిచ్చిన తలుపు బొమ్మను జేర్పఁగా నది చీమంత కనఁబడెను. ఎవరి నడుగుటకును జంకి, కంటికొలతతో దానిని పెంచెను. ఆ పటమునే వడ్రంగి కిచ్చియుండిన ద్వారబంధము గోడలో విడిచిన స్థలమున కమరకపోయెడిది!

రెండు దినములకు ఫైలును నాకుఁ జూపి, తాను చేసిన పనులను వరుసగాఁ జెప్పెను. తలుపు అంగుళములలో గీయఁబడినది. ఆ సంగతి ఫైలునందు నమోదు కాలేదు. 36 అంగుళములను యంత్రము 36 మిల్లీమీటర్లుగా గ్రహించెను. మొదటి బొమ్మను మరల జేర్చి 25.4 రెట్లు పెంచఁగానే సరిపోయెను. ఐదు నిమిషముల పని.

కావున నడుగువారు సాఫ్టువేరు పేరు, ఏ సంవత్సరపు కూర్పు, ఏ కొలమానము, ఏ యాజ్ఞ నిచ్చిరి, తెరపై నేమి వచ్చెను అనునవి వ్రాసి, పటమును జతచేయవలెను. "ఇంతమాత్రము తెలియదా" యని కసరు పెద్దలును కొంత తగ్గవలెను. ఆ బాలుఁడు రెండు దినములు నాయొద్దకు రాకుండుటకు, వెనుక నొకతూరి నేను కసరుటయే కారణమని పిమ్మటఁ దెలిసినది.