మెంబ్రేన్ ఎవరు మారుస్తారు?

పోయినేడు మా ఆఫీసులో రెండ్రోజుల హ్యాకథాన్ పెట్టారు. సాఫ్ట్‌వేర్‌తో సమాజసేవ అన్నమాట. ఒక టీమ్ మొదటి స్లైడ్ మీద వంకర తిరిగిన కాళ్ల ఫోటో, దాని కింద 'నల్లగొండ' అని ఒకే ఒక్క మాట. తర్వాతి స్లైడ్‌లో నీళ్ల ఏటీఎమ్, సెన్సర్, యాప్, డ్యాష్‌బోర్డ్. డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందని జడ్జి అడిగితే "ప్రైవేట్ పార్ట్‌నర్‌షిప్" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చప్పట్ల గురించే ఈ వ్యాసం.

మాది హుజూర్‌నగర్. సాగర్ ఎడమ కాలువ కింది ప్రాంతం కాబట్టి మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఉన్నంత ఫ్లోరైడ్ గోస మాకు లేదు. అయినా హైదరాబాద్‌లో ఊరి పేరు చెప్పగానే కొందరు ముందు నా పళ్లు చూస్తారు. అలవాటైపోయింది.

మా బంధువుల ఊళ్లో ఒక కంపెనీ సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆర్వో ప్లాంట్ ఉంది. నీలం రేకుల గది, గోడ మీద ఆ కంపెనీ లోగో. మొన్న దసరాకి పోతే తాళం వేసి ఉంది. నడిపే అబ్బాయిని అడిగాను. "మెంబ్రేన్ పోయిందన్నా. కంపెనోళ్లు వచ్చిన్రు, ఫోటోలు దిగిన్రు, పోయిన్రు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఆ ప్రాజెక్ట్ క్లోజ్ అయిందంటున్నరు" అన్నాడు. గది మూసేసినా గోడ మీది లోగోకి మాత్రం రంగు వెలవలేదు.

ఇందులో విలన్ కోసం వెతకొద్దు. రూల్సే అలా ఉన్నాయి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2021 నిబంధనల్లో 'కొనసాగే ప్రాజెక్టు' అంటే, మొదలైన ఏడాదిని వదిలేస్తే, మూడేళ్లు మించనిది. ఆర్వో మెంబ్రేన్ ఆయుష్షు కూడా సుమారుగా రెండు మూడేళ్లే. అంటే యంత్రానికి మొదటి పెద్ద ఖర్చు వచ్చే సమయానికి డబ్బు పెట్టినవాళ్ల ఫైల్ మూతపడుతుంది. కంపెనీ తలుచుకుంటే కొత్త ప్రాజెక్టుగా మళ్లీ డబ్బు పెట్టొచ్చు, చట్టం అడ్డం రాదు. కానీ మెంబ్రేన్ మార్చడానికి రిబ్బన్ కత్తిరింపు ఉండదు కదా. కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా తెలుసు. కొత్త ఫీచర్‌కి ప్రమోషన్ వస్తుంది, పాత బగ్ సరిచేసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

'ఇన్నోవేషన్' అనే మాట మీద కూడా నాకు పేచీ ఉంది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని 'నల్గొండ టెక్నిక్' అంటుంది. బకెట్‌లో కూడా చేసుకోవచ్చు. ప్రభుత్వ లాబ్‌లో, ప్రభుత్వ జీతాలతో పుట్టిన ఆవిష్కరణ అది. మరి మన ఊళ్లలో ఎందుకు నిలబడలేదు? రోజూ సరైన మోతాదులో పటిక వెయ్యాలి, కలపాలి, అడుగున చేరిన మడ్డి పారబొయ్యాలి. ఆ పని చేసే మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి. ఆ జీతం దగ్గరే ఆగిపోయింది, కెమిస్ట్రీ దగ్గర కాదు.

తర్వాత, 2000ల మధ్యలో, నాంది ఫౌండేషన్, అమెరికాకు చెందిన వాటర్‌హెల్త్ కంపెనీ కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా నీళ్ల ప్లాంట్లు పెట్టాయి. కృష్ణా జిల్లా బొమ్మినంపాడు తొలి ఊళ్లలో ఒకటి. ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఐఎఫ్‌సీ కూడా వాటర్‌హెల్త్‌లో పెట్టుబడి పెట్టింది. నిర్వహణ ఖర్చు క్యాన్ కొనేవాళ్ల నుంచే రావాలన్నది లెక్క. మెంబ్రేన్ ప్రశ్నకి కనీసం ఒక జవాబు ఉంది, అందుకు మెచ్చుకుంటాను. కానీ క్యాన్ కొనలేని ఇంటివాళ్లు మళ్లీ బోరు నీళ్లే తాగుతారు. పైగా ఆర్వో ఫ్లోరైడ్‌ని మాయం చెయ్యదు. ఒక పైపులో మంచినీళ్లు, ఇంకో పైపులో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడ్డ నీళ్లు వస్తాయి. ఆ రెండో పైపు ఏ కాలువలోకి పోతుందో నేను చూసిన ఏ స్లైడ్‌లోనూ లేదు.

"మరి 108 సంగతేంటి?" అని నా టీమ్‌మేట్ నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్స్ సర్వీస్‌ని సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టిన సంస్థ రూపొందించింది. కాల్ సెంటర్, మ్యాపింగ్, శిక్షణ, అంతా అద్భుతమైన ఇంజనీరింగ్. 2009 జనవరి 7న రాజు ఉత్తరం బయటపడి సత్యం కూలిపోయింది. అంబులెన్స్‌లు ఆగిపోలేదు. ఎందుకు? అప్పటికే నిర్వహణ ఖర్చులో 95 శాతం ప్రభుత్వ ఖజానా నుంచి వస్తోంది. అదే ఏడాది జీవీకే వచ్చి పగ్గాలు అందుకుంది. ప్రైవేట్ మేధ పని చెయ్యదని నేను అనట్లేదు. దాత మునిగినా సేవ మునగకుండా ఉందంటే, వెనక జనం పన్నుల డబ్బు ఉంది కాబట్టి. బండి మీద పేరు మాత్రం కంపెనీది.

ఇప్పుడు ప్రపంచంలో ఇంకో ఫ్యాషన్ నడుస్తోంది. 2017లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సుమారు 2.6 కోట్ల స్విస్ ఫ్రాంకులతో ఒక 'మానవతా బాండ్' తెచ్చింది. మాలి, నైజీరియా, కాంగోలలో వికలాంగులకు పునరావాస కేంద్రాలు కట్టడానికి. ప్రైవేట్ పెట్టుబడిదారులు ముందు డబ్బు పెడతారు, ఐదేళ్ల తర్వాత ఫలితాలు కొలిచి, బాగుంటే ప్రభుత్వాలూ దాతలూ లాభంతో తిరిగి ఇస్తారు. కృత్రిమ కాలు పెట్టించుకున్నవాళ్లని లెక్కపెట్టొచ్చు కాబట్టి అక్కడ కుదిరింది. మన ఫ్లోరైడ్‌కి అదే బాండ్ తెద్దాం అనుకోండి. ఇవాళ పాలుతాగే పిల్లకి శాశ్వత దంతాలు ఆరేడేళ్లకి గానీ రావు. అవి మచ్చలతో వచ్చాయా, తెల్లగా వచ్చాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఎముకల సంగతి ఇంకా చాలా ఏళ్ల తర్వాత. ఐదేళ్ల పెట్టుబడిదారుడు అంతవరకూ ఆగడు. అందుకని అమ్మిన క్యాన్లు లెక్కపెడతాడు. కొలవగలిగినదే చివరికి లక్ష్యమైపోతుంది.

నన్నడిగితే, నల్లగొండ ఫ్లోరైడ్ చరిత్రలో అసలైన ఇన్నోవేషన్ 1996 లోక్‌సభ ఎన్నికల్లో జరిగింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి వందల మందితో నామినేషన్లు వేయించింది. నల్లగొండ బరిలో 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యింది. గెలిచింది ధర్మభిక్షం గారే, దాదాపు మిగతా అందరి డిపాజిట్లూ గల్లంతు. కానీ ఢిల్లీకి ఈ జిల్లా నీళ్ల సంగతి తెలిసింది. వాళ్లు యంత్రం అడగలేదు, కృష్ణా నీళ్లు అడిగారు. మిషన్ భగీరథ నల్లాలు వచ్చేసరికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. ఆ నల్లా ఉన్న ఇళ్లలోనూ ఇవాళ చాలామంది క్యాన్ కొంటున్నారు, మా ఇంట్లో కూడా. పబ్లిక్ పైపు మీద నమ్మకం పోయాక ఏర్పడిన ఖాళీలోకే ఈ స్లైడ్లన్నీ వస్తున్నాయని నాకు తెలుసు.

ఆ టీమ్‌కి రెండో బహుమతి వచ్చింది. కుర్రాళ్లు మంచోళ్లు, నా మీద కోపం తెచ్చుకోలేదు. ప్రోటోటైప్ రివ్యూ చెయ్యమని లింక్ పంపారు. రిపోలో మూడు కామెంట్లు పెట్టాను. నాలుగో ఏడాది ఖర్చు ఎవరి అకౌంట్ నుంచి? రెండో పైపు నీళ్లు ఎక్కడికి? ప్లాంట్ ఆగిపోతే ఊరివాళ్లు ఎవరికి ఫోన్ చెయ్యాలి? మొదటిదాని కింద ఎవరో బొటనవేలు ఎమోజీ పెట్టారు. మిగతా రెండూ ఇంకా ఓపెన్‌లోనే ఉన్నాయి.